పిలుపుకి వెళ్తూ గరివిడిలో దిగాం

మా వైపు పెళ్లికి పిలవడమంటే కార్డు అందించి రావడం కాదు. ఇంటికి వెళ్లాలి, ఇంటావిడకి బొట్టు పెట్టాలి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటకముందే ఆ పని అయిపోవాలి. మంగళవారం వెళ్లకూడదు. ఇంటికి తాళం ఉంటే ద్వారబంధానికి బొట్టు పెట్టి, కార్డు తలుపు సందులో దోపి రావాలి. బస్టాండులోనో, ఇంకొకరి ఇంట్లోనో ఎదురుపడ్డవాళ్లకి అక్కడికక్కడే చెప్పేస్తే అది పిలుపు కాదు. "తప్పకుండా రండి" అన్నా చాలదు. ఆ పూట మీ ఇంట్లో పొయ్యి వెలగకూడదు అనాలి. ఇవన్నీ ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఎవరైనా తప్పితే మాత్రం ఊరందరికీ కంఠతా వచ్చేస్తాయి.

పత్రికలో పనిచేసిన ఏళ్లలో ఈ రెండు జిల్లాల్లో నేను దిగని స్టాపు లేదు, కూర్చోని అరుగు లేదు. అందుకని ఇలాంటివన్నీ నాకు తెలుసని మా వాళ్ల నమ్మకం. ఇప్పుడు అరసవల్లిలో ఉంటున్నాను. గుడికి జనాన్ని చేరవేసే ఆటోల చప్పుడుకి పొద్దున్నే మెలకువ వచ్చేస్తుంది. ఆ తర్వాత ఫోన్లు. పార్వతీపురం పోవడానికి బస్సు మంచిదా రైలు మంచిదా, పదకొండో రోజున పళ్లు పట్టుకెళ్లొచ్చా, వియ్యపురాలిని పలకరించేటప్పుడు నిలబడాలా కూర్చోవాలా. చెప్తూనే ఉంటాను. చెప్పి చెప్పి విసుగొచ్చింది గాని, మానలేను.

మొన్న వేసవిలో మా అక్క ఫోన్ చేసి, సాలూరు తోడు రమ్మంది.

అక్క ఆమదాలవలసలో ఉంటుంది. బావకి పక్షవాతం వచ్చి మంచానపడ్డాడు. ఆయనకి నీళ్లు పోయడం, తినిపించడం, పక్క మార్చడం అంతా అక్క కోడలే చూసుకుంటుంది. ఆ కోడలి కూతురికి పెళ్లి కుదిరింది. కోడలికి తల్లీ తండ్రీ లేరు. పుట్టింటి తరఫున ఉన్నది ఒక్క అన్నయ్యే. సాలూరులో లారీలు నడుపుకుంటాడు. పెళ్లికూతుర్ని పీటల మీదకి తీసుకురావలసిన మేనమామ అతనే. అతనికి కొన్నాళ్లుగా వీళ్లతో మాటల్లేవు.

కారణం పెద్దది కాదు. అక్క కొడుకు కొత్త ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి భార్య అన్నయ్యని ఫోన్లో పిలిచాడు. కార్డు వాట్సాప్‌లో పంపాడు. ఊళ్లో ఉన్న వాళ్లందరికీ మాత్రం ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టించాడు. దూరం కదా, ఏమనుకుంటాడులే అనుకున్నాడు. ఆయన రాలేదు. ఆ తర్వాత ఫోనూ ఎత్తలేదు. ఇప్పుడు కూతురి పెళ్లికి భార్యాభర్తలు స్వయంగా వెళ్తే, ఆయన తన లారీ షెడ్డులోంచి బయటకి రాకుండానే ఒక మాట చెప్పి పంపాడట: మీ ఇంట్లో పెద్దోళ్లు లేరేటి అని.

అంటే పెద్దవాళ్లు రావాలన్నమాట. బావ కదలలేడు. అందుకని అక్క, తోడుగా నేను.

"ఆ పిల్ల మొకం సూడలేకపోతన్నాన్రా" అంది అక్క ఫోన్లో. "మీ బావ మంచం దగ్గిర కూకుని అన్నం తినిపిస్తా కళ్లు తుడుసుకుంటాది. నీ అన్నని నాను తీసుకొస్తానని మాటిచ్చీసినాను."

వెళ్లడానికి ఉన్నది ఒక్కటే రోజు. మర్నాడు పెళ్లి రాట పాతుతారు. రాట పడ్డాక పెళ్లింటి పెద్దలు ఊరి పొలిమేర దాటరు. ఇంకో చిక్కు కూడా ఉంది. గరివిడిలో బావ స్నేహితుడు ఒకాయన ఆ వారమే పోయాడు. బావ అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్లూ ఇద్దరివీ పక్కపక్క క్వార్టర్లు. ఆ ఇంటావిడా అక్కా ఒకరి పిల్లల్ని ఒకరు పెంచినవాళ్లు. అక్క పరామర్శకి వెళ్లలేదింకా.

దానికి నేను వరస చెప్పాను. పొద్దున్నే ప్యాసింజరులో నేరుగా విజయనగరం, అక్కడ్నుంచి బస్సులో సాలూరు. పిలుపు అయ్యాక, తిరుగు దారిలో గరివిడిలో దిగి పరామర్శ. అక్కణ్నుంచి తిన్నగా ఇంటికి, స్నానానికి. శుభం ముందు, అశుభం తర్వాత. చావు ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి వెళ్లకూడదన్నది ఎవరైనా ఒప్పుకునే నియమమే. అక్క సరే అంది.

రైల్లో అక్కని కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. పొద్దుటి పూట ఆ దారిలో ఎండ ఎడమవైపు పడుతుంది. అక్క ఒళ్లో సంచీ. అందులో కుంకుమ బరిణె, పసుపు, ఇంటావిడకి చీర, ఆయనకి పంచెల చాపు, అరటిపళ్లు, శుభలేఖలు. ముందురోజు రాత్రి బావకి దగ్గు ఎక్కువై అక్క సరిగా పడుకోలేదట. పొందూరు దాటేసరికి కిటికీ ఊచలకి తల ఆనించి కునుకు తీసింది. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి.

గరివిడిలో రైలు ఆగింది. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వాలి కాబట్టి ఆగి ఉండిపోయింది. ప్లాట్‌ఫారం మా కిటికీ వైపే వచ్చింది. ఎండ తప్పించుకోవాలని నేను ఎంచుకున్న వైపు.

పోయినాయన చిన్నకొడుకు ఎవర్నో రైలెక్కించడానికి వచ్చినట్టున్నాడు. కిటికీలో అక్కని చూసి పరుగున వచ్చాడు. నడివయసు మనిషి, చిన్నపిల్లాడిలా ఊచలు పట్టుకుని ఏడ్చాడు.

"వచ్చీసినావా పిన్నీ" అన్నాడు. "అమ్మ నీకోసమే సూస్తన్నాది. పిన్ని రాలేదేటి, పిన్ని రాలేదేటి అని నిన్నట్నుంచీ అడుగుతన్నాది."

మేం తమ ఇంటికే వచ్చామనుకున్నాడు. లోపలికి వచ్చి సంచీ అందుకోబోయాడు. అక్క నావైపు చూసింది. సాలూరు వెళ్లాలని నేను మెల్లగా గుర్తు చేశాను.

"ఎలాగ కూకోమంటావురా ఇక్కడ?" అంది అక్క, లేస్తూ.

నిజమే, ఎలా కూర్చుంటుంది? నేను చెప్పిన వరసలో రైలు ఆగడం లేదు, అతను కిటికీలోకి చూడడం లేదు. సంచీ మాత్రం అతని చేతికి ఇవ్వకుండా నేను పట్టుకున్నాను.

ఇంటి దగ్గర నేను గేటు దాటలేదు. కుంకుమ ఉన్న సంచీ ఆ గుమ్మంలోకి వెళ్లకూడదని, ఎదురింటి నీడలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అక్క లోపలికి వెళ్లగానే ఇద్దరు ముసలి ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారి లేచింది. కాసేపటికి అది మాటల్లోకి దిగింది. అక్క బయటకొచ్చినప్పుడు వెళ్లొస్తానని ఎవరికీ చెప్పలేదు. చావు ఇంట్లో ఆ మాట అనరు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. వీధి కుళాయి దగ్గర కాళ్లు, మొహం కడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది. ఆ నిలబడడంలోనే అర్థమైంది, ఇప్పుడేం చెయ్యాలో నన్నే చెప్పమంటోందని.

ఇంటికెళ్లిపోతే పిలుపు లేదు. మేనమామ రాడు. కోడలికి ఇచ్చిన మాట పోతుంది. సాలూరు వెళ్తే, చావు మైలతో శుభకార్యానికి బొట్టు పెట్టినట్టవుతుంది.

విజయనగరంలో లాడ్జి గది తీసుకుని తలస్నానం చేసి, కొత్త చీర కొనుక్కుని వెళ్దామన్నాను.

"లాడ్జిలో నీళ్లోసుకుంటే మైల పోతాదేటి? తానం సేసి దీపం సూడాల" అంది. ఎండ వైపు చూసి, "అదీగాక పొద్దెక్కిపోతాది" అంది.

అప్పుడు నేను పత్రికవాడి సలహా ఇచ్చాను. ఎటునుంచి వస్తున్నారని అడిగితే విజయనగరం మీదుగా బస్సులో వచ్చామని చెప్దాం. అందులో అబద్ధం లేదు. అడగనిది చెప్పక్కర్లేదు. ఎన్నో ఇళ్లల్లో ఎన్నో సందర్భాల్లో ఆ పద్ధతి నన్ను గట్టెక్కించింది. అక్క ఆటో వస్తుంటే చెయ్యెత్తింది.

విజయనగరం కాంప్లెక్సులో సాలూరు బస్సు అప్పటికే నిండిపోయింది. ఆడవాళ్లకి టికెట్టు లేకుండా చేశాక ఆ రూట్లో కూర్చోవడానికి చోటు దొరకడం గగనం. కండక్టరు అక్క ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టి, ఇంజను పక్కన బాక్సు మీద కూర్చోమన్నాడు. నేను రామభద్రపురం దాకా నిలబడ్డాను. మోకాళ్లు లాగేశాయి. అక్కడ ముందు సీటు ఖాళీ అయి అక్క పక్కన కూర్చున్నాను. ఆమె చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, వాటినే చూసుకుంటోంది. ఆ చేతులతోనే గరివిడిలో ఆవిడని పట్టుకుని ఏడ్చింది. సంచీ నా ఒళ్లోనే ఉంది. ఇమ్మని అడగలేదు.

సాలూరులో దిగి నడిచాం. రోడ్డుకి రెండువైపులా లారీలకి బాడీలు కట్టే షెడ్లు, టైర్ల కొట్లు, పెయింటు వాసన. అతని ఇల్లు షెడ్డు వెనకే. మమ్మల్ని దూరం నుంచే చూసి, ఈసారి షెడ్డులోంచి బయటకి వచ్చాడు. చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. అక్క చెమటలు చూసి జాలిపడ్డట్టే ఉన్నాడు గాని నోరు మాత్రం ఊరుకోలేదు.

"పోనున్నాది కదా అత్తా. ఎందుకింత దూరం ఎండలో పడి రావడం?"

"పోనులో బొట్టెట్టడం నాకు రాదు బాబూ" అంది అక్క.

అతను నవ్వు ఆపుకున్నాడు. లోపలికి పిలిచాడు. ఇంటావిడ మంచినీళ్లు తెచ్చింది, ఫ్యాను అక్క వైపు తిప్పింది. బావ ఎలా ఉన్నాడని అడిగారు. అబ్బాయి ఏం చేస్తాడని అడిగారు. ఎటునుంచి వచ్చారు, రైలుకా బస్సుకా అని అతను అడిగాడు. విజయనగరం నుంచి బస్సుకి, అన్నాను నేను. ఆ ప్రశ్న అక్కడితో అయిపోయింది. ఇక బొట్టు పెట్టి, చీరా పంచెలూ చేతిలో పెట్టి, పొయ్యి వెలిగించొద్దని చెప్పేస్తే చాలు. సాయంత్రం బండికి ఇంట్లో ఉంటాం.

ఇంటావిడ చాప వేసి తూర్పుముఖంగా కూర్చుంది. కొంగు భుజాల నిండా కప్పుకుంది. నేను సంచీ అక్క ముందు పెట్టాను. అక్క బరిణె తీసింది, మూత తీసింది. వేలు కుంకుమలో పెట్టకుండా ఆగిపోయింది.

మూత మళ్లీ పెట్టేసింది.

"నాను ఎట్టలేనమ్మా" అంది. "దారిలో గరివిడిలో దిగినాం. సావింటికి ఎల్లి వస్తన్నాను. తానం నేదు, దీపం సూడనేదు. సెప్పకుండా ఎట్టీగలను. రేపు నీకేదైనా అయితే ఆ పాపం నా మనవరాలికి సుట్టుకుంటాది."

అతను కుర్చీలోంచి లేచాడు. మొహం మాడిపోయింది.

"మా బళ్లు గాటీ ఎక్కుతాయి అత్తా" అన్నాడు. కోరాపుట్ వైపు కొండ మలుపుల గురించి. "రెండు బళ్లు ఇప్పుడు దాని మీదే ఉన్నాయి. ఇలాటివి మేం సూసుకుంటాం. ఆమాత్రం తెలీదేటి పెద్దోళ్లకి?"

తెలిసే వచ్చాం. అక్క బరిణెని సంచీలో పెట్టుకుంటోంది. రేపు కోడలి మొహం ఎలా చూస్తుందా అని నేను ఆలోచిస్తున్నాను. తిరుగు బస్సులో సీటు దొరుకుతుందా అని కూడా.

అప్పుడు ఇంటావిడ చాప మీంచే అంది, భర్త వైపు తిరక్కుండా.

"ఆవిడ సెప్పబట్టి తెలిసింది. సెప్పకపోతే మీరు అరిటిపళ్లు తినీసి కూకుందురు." తర్వాత అక్కతో, "లెగు పెద్దమ్మా. పెరట్లోకి రా. నీళ్లోస్తాను" అంది.

అక్కని చెయ్యి పట్టుకుని లేపి, తీసుకెళ్లిపోయింది. ఒకరింటికి పిలుపుకి వెళ్లి, ఆ ఇంటి పెరట్లో మైల స్నానం చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు, వినలేదు. నాకు తెలిసిన నియమాల్లో దానికి చోటు లేదు. పెరట్లోంచి చెంబుతో నీళ్లు కుమ్మరించే చప్పుడు వస్తోంది. తలమీంచే పోస్తోంది.

గదిలో నేనూ అతనూ మిగిలాం. కాసేపు నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. ఎటో చూస్తూ మాట్లాడాడు. గృహప్రవేశానికి ఫోన్ వచ్చినప్పుడు తను ఘాట్ రోడ్డు మీద ఉన్నాడట. సిగ్నలు లేక సగం వినపడి సగం వినపడలేదట. సాయంత్రానికి చెల్లెలు మళ్లీ చేస్తుందని ఎదురుచూశాడట. కార్డు బొమ్మ వచ్చింది గాని చెల్లెలి గొంతు రాలేదు.

"అమ్మ ఉండుంటే, ఒసే నీ అన్నని పిలిసినావా నేదా అని అడిగీది" అన్నాడు. "అడిగీవోళ్లు నేరు. అంతే బాబాయ్."

ఆ చెల్లెలు కూడా ఇన్నాళ్లూ ఇలాగే ఎదురుచూసి ఉంటుందని చెప్పొచ్చు. చెప్పలేదు. ఇలాంటి మాటలు బయటపెట్టినవాడికి వెంటనే జవాబు చెప్తే మళ్లీ మూసుకుపోతాడని అనుభవం మీద తెలుసు. ఇంకో గ్లాసు మంచినీళ్లు అడిగాను. తనే వెళ్లి తెచ్చాడు.

అక్క తడి జుట్టుతో, ఇంటావిడ చీరలో వచ్చింది. జాకెట్టు పట్టలేదేమో, కొంగు చుట్టూ కప్పుకుంది. ఇంటావిడ దేవుడి గూట్లో దీపం వెలిగించి, ముందు అది చూడమంది. అక్క చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. తర్వాత ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. అక్క కుంకుమ తీసి ఆవిడ నుదుటన పెట్టింది. మెడకి పసుపు రాసింది. చీర ఒళ్లో పెట్టింది. ఇంటిల్లిపాదీ రావాలని, పెళ్లి మూడు పూటలూ ఈ ఇంట్లో పొయ్యి వెలగకూడదని చెప్పింది. అతని వైపు తిరిగి, పంచెల చాపు రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు తేకపోతే ఆ పిల్ల పీటల మీదకి ఎవరి చెయ్యి పట్టుకుని వస్తాది బాబూ?" అంది.

పంచెలు తీసుకున్నాడు. వస్తానని మాత్రం అనలేదు. "బొట్టు ఆవిడికి ఎట్టినారు. ఆవిడ వస్తాది. నాను సూస్తాను" అన్నాడు. భోజనం చెయ్యందే పంపలేదు. వంకాయ కూర, చారు. అక్క రెండు ముద్దలు తిని, గోడకి ఆనుకుని నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. బస్సు వేళకి అతనే తన బైకు మీద ఒక్కొక్కరినీ బస్టాండుకి దింపాడు. కిటికీలోంచి తువ్వాలు విసిరి మాకు సీట్లు పట్టాడు.

ఇంటికి వచ్చాక కోడలికి ఏం చెప్పాలో అక్కకి తెలియలేదు. వదిన వస్తుందట, అన్నయ్య చూస్తాడట, అని చెప్పింది. కోడలు తలూపి బావకి మందులివ్వడానికి వెళ్లిపోయింది. ఆ తర్వాత పెళ్లి దాకా రోజూ పొద్దున్న వీధి గుమ్మం కడిగేటప్పుడు ఆ పిల్ల కాసేపు రోడ్డు వైపు చూస్తూ నిలబడేదని అక్క నాకు ఫోన్లో చెప్పింది.

పెళ్లిరోజు తెల్లవారాక వచ్చారు, భార్యాభర్తలిద్దరూ. లారీ మీద కాదు, జీపులో. అతను మేమిచ్చిన పంచె కట్టుకున్నాడు. మా మేనల్లుడితో, అంటే పెళ్లికూతురి తండ్రితో, మాట్లాడలేదు. వాడే ఎదురెళ్లి చెప్పులు విడవడానికి చోటు చూపిస్తే తలూపాడు, అంతే. పురోహితుడు మేనమామని పిలవగానే మాత్రం ముందుకి వచ్చాడు. అమ్మాయిని తీసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టి, పక్కకి జరిగి, స్తంభం దగ్గర నిలబడిపోయాడు. తాళి కట్టే దాకా అక్కడే ఉన్నాడు.

భోజనాల్లో ఆఖరి బంతికి కూర్చున్నాడు. వడ్డించే కుర్రాళ్లు పప్పు బకెట్టుతో వస్తుంటే, కోడలు వాళ్ల చేతిలోంచి అది తీసుకుని తనే వచ్చింది. అన్నయ్య విస్తరి ముందు వంగింది. అన్నాచెల్లెళ్లకి ఇంకా మాటల్లేవు. గరిటె నిండా వేసింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. మళ్లీ వేసింది. పప్పు అన్నం దాటి అరటికాయ వేపుడు మీదకి పోతోంది.

"మీదకి పోసీయకు" అన్నాడు అతను.

ఆమె నవ్వలేక, ఏడవలేక, బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడింది. వెనక కుర్చీలో అక్క ఉంది. రాత్రంతా మేలుకుని ఉన్న మనిషి. చూసిందో, అప్పటికే కళ్లు మూసుకుందో నేను గమనించలేదు. నాకూ ఒళ్లు తూలిపోతోంది. ఎండ ఇంకా ముదరకముందే అరసవల్లి ఆటో దొరుకుతుందేమోనని రోడ్డు మీదకి వచ్చాను.